అమావాస్య దాటాక

సంచిలో అన్నిటికంటే ముందు నా పాత చీర పెట్టాను. ముప్పై ఏళ్ళు కట్టిన నూలు చీర, ఉతికి ఉతికి మెత్తబడిపోయింది. పుట్టబోయే బిడ్డకు కొత్త బట్ట కొనకూడదని మా ఇళ్ళల్లో పట్టింపు. ఎక్కువకాలం బతికిన మనిషి కట్టిన గుడ్డ చింపి అందులోనే చుట్టాలి. మా వీధిలో నాకంటే ఎక్కువకాలం బతికిన ఆడది లేదు. అందుకని ఆ చీరను నాలుగు ముక్కలు చేసి, మడతలు పెట్టి, అడుగున సర్దాను. దానిమీద సుభాషిణి నైటీలు, తువ్వాలు, ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, ఆధార్ జిరాక్సులు. అన్నిటికీ పైన ఆసుపత్రి ఫైలు. పైన ఉంటేనే తొందరగా చేతికి అందుతుంది. మూడుసార్లు తీశాను, మూడుసార్లు పెట్టాను.

"అమ్మమ్మా, ఆ జిప్పు ఇంకా ఎన్నిసార్లు లాగతావు? ఊడొస్తాది," అంది సుభాషిణి. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, కడుపు మీద మరమరాల గిన్నె పెట్టుకుని తింటోంది.

"ఊడితే పిన్నీసు పెడతాలే."

"నీ దగ్గర లేనిదేముంది. పిన్నీసులు నా ఎత్తుండాయి."

అది గురువారం. పది గంటలకు డ్రైవరు హజరత్తయ్య వ్యాను తెస్తానన్నాడు. మా ఊరినుంచి చెన్నైకి నాలుగు గంటల దారి. కడుపులో ఉన్న బిడ్డకు గుండెలో లోపం ఉంది. బిడ్డ చెన్నైలో ఆ పెద్దాసుపత్రిలోనే పుట్టాలి, పుట్టిన వెంటనే మందు ఎక్కించాలి, వారం పదిరోజుల్లో ఆపరేషన్ చెయ్యాలి. అట్లా చేస్తే పిల్ల అందరు పిల్లల్లాగే బడికి పోతుందని డాక్టరమ్మ చెప్పింది. ముప్పై ఏడో వారం నిండేసరికి వచ్చి దగ్గర్లో ఉండమంది. ఆ గురువారానికి ముప్పై ఏడు నిండాయి.

సుభాషిణి నా కూతురి కూతురు. దానికి మూడేళ్ళప్పుడు నా కూతురు కామెర్లతో నెల్లూరు ఆసుపత్రికి పోయింది. అప్పుడు సంచి సర్దింది నేనే. అంతకుముందు నా భర్త మాలకొండయ్య వాయుగుండం పట్టిన కార్తీకంలో వేటకు పోయినప్పుడు సద్దిమూట కట్టిందీ నేనే. రెండుసార్లూ అదే ఆఖరి చూపు. మూట కట్టే పని ఇంకొకరికి అప్పజెబుదామంటే, వాళ్ళకు సరిగ్గా కట్టడం రాదేమోనని మళ్ళీ నాకే భయం.

మాది విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డు. ఒడ్డు పొడుగునా రొయ్యపిల్లల హేచరీలు. ఒకదాంట్లో నేను ఇరవై రెండేళ్ళు పనిచేశాను. వెంట్రుకంత రొయ్యపిల్లలను తెల్ల బేసినులో పోసి లెక్కపెట్టడం, సంచుల్లో నీళ్ళతోపాటు పోసి, ఆక్సిజన్ పట్టి, రబ్బరు బ్యాండు బిగించి రైతుల చెరువులకు పంపడం నా పని. వాటిని మేమంతా సీడ్ అనే అంటాం. నాకు చదువు ఎవరూ చెప్పలేదు. ట్యాంకుల మీద అంకెలతో మొదలుపెట్టి, మేత డబ్బాల మీది అక్షరాలు, బజ్జీలు కట్టిన కాగితాలు, చివరికి సుభాషిణి ఇంటర్ జంతుశాస్త్రం పుస్తకం దాకా వచ్చాను. ఇప్పుడు సుభాషిణి అదే హేచరీలో ల్యాబ్ టెక్నీషియన్. కొత్తల్లో ఒకరోజు నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"ఒక కన్ను మూసి చూడు. తలకాయ ఎనకమాల."

రొయ్యపిల్ల గాజుముక్క. దాని కన్ను, దాని పేగు, అది పొద్దున తిన్నది, అన్నీ కనిపిస్తున్నాయి. తల వెనక ఏదో మిణుకుమిణుకుమంటోంది. అది గుండె అని సుభాషిణి చెప్పింది. ఎంతసేపు చూశానో తెలియదు. అన్నేళ్ళూ నేను చెంచాతో ఎత్తిపోసినవాటికి అన్నిటికీ అది ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఐదో నెల స్కానులో నెల్లూరు డాక్టరు మళ్ళీ మళ్ళీ చూసి, చెన్నైకి రాసిచ్చాడు. అక్కడి డాక్టరమ్మ కడుపు మీద ఆ పరికరం తిప్పుతూ తెర మీద చూపించింది. మసకనీళ్ళలో మిణుకుమిణుకుమంటూ. నాకు తెలిసిన వెలుగే. తరవాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. గుండె మొదట్లో ఒక గొట్టమే. ఇరవై రెండో రోజుకో ఇరవై మూడో రోజుకో కొట్టుకోవడం మొదలుపెడుతుంది, అప్పటికి తల్లికి కూడా తెలిసి ఉండదు. ఆ గొట్టం పెరిగి, చోటు చాలక ఒక పక్కకు వంగుతుంది. లోపల గోడలు లేస్తాయి, గదులవుతాయి. పైకి పోయే పెద్ద నాళం ఒకటే ఉన్నది రెండుగా చీలుతుంది. చీలేటప్పుడు ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరగాలి. అట్లా తిరిగితేనే ఒళ్ళంతటికీ పోయేది ఎడమ గదికీ, ఊపిరితిత్తులకు పోయేది కుడి గదికీ వచ్చి కూర్చుంటాయి. ఎనిమిదో వారానికి అంతా అయిపోతుంది.

"మీ పాపకి అవి మెలితిరగలేదు. పక్కపక్కనే నిటారుగా పోయినాయి. అందుకని తారుమారైనాయి," అంది డాక్టరమ్మ. చెడ్డ రక్తం ఒళ్ళంతా తిరిగి మళ్ళీ ఒంట్లోకే పోతుంది, మంచి రక్తం ఊపిరితిత్తుల్లోంచి వచ్చి మళ్ళీ అక్కడికే పోతుంది. రెండు ఎడ్లు రెండు గానుగల చుట్టూ తిరిగినట్టు, ఒకదాన్నొకటి కలవకుండా.

"మరి కడుపులో ఎట్ట బతికుండాది తల్లీ?" అని అడిగాను.

"కడుపులో దానికి ఊపిరితో పనిలేదు పెద్దమ్మా. ఊపిరి వాళ్ళమ్మది. పైగా లోపల రెండు చిన్న దారులు తెరిచి ఉంటాయి, రక్తం అటూ ఇటూ కలుస్తుంది. పుట్టినాక ఆ దారులు మూసుకుంటాయి. మామూలు బిడ్డలకి మూసుకోవాలి. ఈ బిడ్డకి మాత్రం మూసుకోకూడదు. మందుతో మేము తెరిచి పెడతాం. ఇక్కడే పుట్టాలనేది అందుకే."

ఎవరి తప్పూ కాదని కూడా చెప్పింది. అయినా ఇంటికి వచ్చాక నేను క్యాలెండరు తీసుకుని వెనక్కి లెక్కవేశాను. వేట నిషేధం ముగిసి పడవలు నీళ్ళలో దిగిన నెలాఖరున ఆ గొట్టం కొట్టుకోవడం మొదలైంది. ఆ పెద్ద నాళం చీలిన రోజులు జూలైలో. జూలైలో మేం ఏం చేస్తున్నాం? సుభాషిణి మొగుడు ముఖేష్ పడవకు పాత తాళ్ళ పోగులు కలిపి పేనుతున్నాం. సాయంత్రాలు అరుగు మీద నేను ఒక కొస పట్టుకుని మెలి తిప్పుతుంటే, రెండో కొస సుభాషిణి పట్టుకుని నిలబడేది. "బిగించి పట్టుకో మే, వదలమాక," అనేదాన్ని. బయట మా చేతుల్లో తాడు మెలితిరుగుతూనే ఉంది. అదే వేళకు లోపల అది తిరగలేదు.

అప్పటినుంచి నాకు కలలు. ఇల్లంతా ఉప్పునీళ్ళు నిండి ఉంటాయి, ఎవరికీ ఊపిరి కష్టం కాదు. గోడలు పల్చగా, వెలుతురు కనపడేటట్టు ఉంటాయి. నడిమింట్లో దారం కండెంత గొట్టం ఒకటి వేలాడుతూ, దాన్ని ఎవరూ ఆడించకుండానే తనంతట తాను అదురుతూ, నెమ్మదిగా ఒంగుతూ ఉంటుంది. దాని పైకొసన రెండు పోగులు. నేను చెయ్యి చాచి వాటిని ఒక్క మెలి తిప్పాలి. ఒక్కటే. నా వేళ్ళు వాటికంటే ఎంతో లావు. తాకబోయేసరికి నీళ్ళు కదిలి అవి దూరంగా జరిగేవి.

పది కాకముందే హజరత్తయ్య వచ్చాడు. హేచరీ వ్యాను ముప్పై ఏళ్ళుగా ఆయనే తోలుతున్నాడు. వెనక థర్మాకోల్ పెట్టెలు తీసేసి, కడిగి, పరుపు వేసుకొచ్చాడు.

"కామక్కా, రొయ్యల వాసన పోలా. అత్తరు కూడా కొట్నా. మనవరాలు వాంతి చేసుకుంటే నన్ను తిట్టొద్దు."

ముఖేష్ పరుపు నొక్కి చూస్తున్నాడు. నేను సంచి గడప దగ్గరకు తెచ్చాను. తెచ్చి, అక్కడే పెట్టి, దానిమీద కూర్చున్నాను.

"హజరత్తయ్యా, రేపేంది?"

"రేపు శుక్రవారం."

"తిథి అడుగుతుండా."

ఆయన తల గోక్కున్నాడు. "అమావాస్య."

హేచరీలో పనిచేసిన వాళ్ళకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. అమావాస్యకూ పౌర్ణమికీ రొయ్య పెంకు విడుస్తుంది. ఆ రెండు మూడు రోజులూ ఒళ్ళు మెత్తగా, పట్టుకుంటే చిరిగేటట్టు ఉంటుంది. అప్పుడు దాన్ని కదిలిస్తే చస్తుంది. అందుకని అమావాస్య ముందురోజు నుంచి మూడోరోజు దాకా మేం సీడ్ ఎత్తం. ఏ రైతు వచ్చి గేటు దగ్గర అరిచినా ఎత్తం. ఇరవై రెండేళ్ళు ఆ నియమం నా ఒంట్లో ఇంకిపోయింది.

"అమావాస్య దాటాక పోదాం. మంగళవారం," అన్నాను.

"ఏందక్కా!" అన్నాడు హజరత్తయ్య. "రొయ్యల్లో ఉండి ఉండి నువ్వు కూడా రొయ్యవైపోయినావే! అమావాస్యకి నేను కూడా సీడ్ ఎత్తను గానీ, ఇది సీడ్ కాదు గదా, కడుపుతో ఉండే ఆడబిడ్డ!"

"కడుపులో ఉండేది కూడా నీళ్ళలోనే గదా ఉండేది?"

ముఖేష్ పడవ మనిషి. అమావాస్య పోటు అంటే వాడికీ జంకే. సుభాషిణి మాత్రం గోడ పట్టుకుని లేచి వచ్చింది.

"అమ్మమ్మా, గుండె కట్టడం ఎనిమిదో వారానికే అయిపోయిందని నువ్వే గదా నాకు చదివి చెప్పినావు. ఇప్పుడు అమావాస్య వచ్చి కొత్తగా చేసేదేముంది? లెయ్యి."

"నాలుగు రోజులే గదమ్మా. డాక్టరమ్మ నొప్పులకి ఇంకా మూడు వారాలుండాదనింది గదా. ఆ నాలుగు రోజులూ ఇక్కడే ఉండు. నా కంటిముందర."

చివరి మాట నోరుజారి వచ్చింది. అమావాస్యను నేను సగమే నమ్మాను. మిగతా సగం వ్యాను తలుపు. అది సుభాషిణిని లోపలికి తీసుకుని మూసుకోవడం నేను చూడలేను. ఆ సంగతి సుభాషిణికి తెలిసిపోయింది. నేను పెంచిన పిల్ల. నన్ను సంచి మీదినుంచి లాగి పక్కకు నెట్టి పోగలిగినది కాదు.

"సర్లే. మంగళవారం అంటే మంగళవారమే. ఆరోజు మళ్ళీ ఇంకో తిథి చెప్పమాక," అంది.

ముఖేష్ ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాడు. ఆలస్యం చెయ్యొద్దన్నారట. హజరత్తయ్య పరుపు చుట్టలేదు. "ఉండనీ, మంగళవారానికి ఇదే పనికొస్తాది," అని ఉత్త వ్యాను తోలుకుని పోయాడు.

ఆ గురువారమూ శుక్రవారమూ ఎట్లా గడిచాయో చెప్పాలంటే నాకు సిగ్గు. ఎప్పుడూ లేనంత సుఖంగా గడిచాయి. సముద్రం పోటు మీద ఉంది. అల విరిగినప్పుడల్లా మా అరుగు సన్నగా అదిరేది. శుక్రవారం మధ్యాహ్నం సుభాషిణి చాప మీద పక్కకు తిరిగి పడుకుంటే, నేను దాని కడుపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. కళ్ళు మూసుకుంటే నా చెయ్యి నీళ్ళలోకి దిగిపోయినట్టుండేది. ఆ చాప మీద ముగ్గురం, మూడు గుండెలు, అందులో ఒకటి రెండో దాని లోపల. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. లోపలనుంచి పిల్ల నా అరచేతిని తన్నింది. ఇంకోసారి, గట్టిగా.

"చూడు ఎట్ట తన్నతా ఉండాదో," అన్నాను.

సీడ్ మంచిదో కాదో చూడటానికి మేం బేసినులో నీళ్ళను చేత్తో గుండ్రంగా తిప్పుతాం. బలం లేని పిల్లలు సుడిలో కొట్టుకుపోయి మధ్యలో కుప్పగా చేరతాయి. బలమున్నవి అంచున నిలబడి ఎదురీదుతాయి. "ఇది ఎదురీదే పిల్ల మే. దీనికేం కాదు," అన్నాను.

"మన ట్యాంకులో అన్నీ ఎదురీదతాయి అమ్మమ్మా," అంది సుభాషిణి నిద్రమత్తులో. "రైతు చెరువులో పోసినాక గదా తెలిసేది."

ఆ మాట నాకు వినిపించింది. అర్థం కూడా అయింది. అయినా నేను చెయ్యి తియ్యలేదు, లేవలేదు, హజరత్తయ్యకు ఫోన్ చెయ్యమని ముఖేష్‌తో అనలేదు.

శనివారం తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. హజరత్తయ్య పావుగంటలో వచ్చాడు. చెన్నై దాకా పోగలమనే బయలుదేరాం. కోవూరు చేరేసరికే ఉమ్మనీరు పోయింది. పెన్న వంతెన కూడా దాటలేదు. రోడ్డు పక్కన ఒక చిన్న ఆసుపత్రి కనిపిస్తే అందులోకి తీసుకుపోయారు. ఎనిమిదీ ఇరవైకి ఆడపిల్ల పుట్టింది.

గులాబీరంగు. ఆ గదిలో రేకులు అదిరేటట్టు ఏడ్చింది. నర్సు దాన్ని నా చీర ముక్కలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. "ఏముంది దీనికి? ఏముందంట? ఆ మిషన్లు తప్పు చెప్పుండాయి," అన్నాను, పక్కన ఎవరున్నారో చూడకుండానే. హజరత్తయ్య గుమ్మం దగ్గరనుంచే ఏడుస్తూ నవ్వాడు.

ఆ ఆసుపత్రి డాక్టరు వయసులో చిన్నవాడు. సంచిలోంచి ఫైలు తీసి ఇచ్చాను. నిలబడి చదవడం మొదలుపెట్టినవాడు కూర్చుని ముగించాడు. వెంటనే చెన్నైకి ఫోన్ చేశాడు. ఆ మందు తన దగ్గర లేదు. నెల్లూరులో అడిగినచోట్ల ఆ రోజు దొరకలేదు. చెన్నైనుంచి పసిబిడ్డల అంబులెన్సు మందు వేసుకుని బయలుదేరుతుందన్నారు. మన బండిలో తీసుకుపోతే దారిలో చూసేవాళ్ళు ఉండరు, కదిలించొద్దన్నారు.

కదిలించొద్దు అనే మాట అప్పుడు వినాల్సి వచ్చింది.

పదిన్నరకు పిల్ల పాలు తాగడం ఆపింది. పదకొండుకు దాని గోళ్ళ కింద రంగు మారింది. నేనే ముందు చూశాను. వెలుతురు తక్కువై అట్లా ఉందనుకుని కిటికీ దగ్గరకు తీసుకుపోయాను. కిటికీ దగ్గర ఇంకా నీలంగా ఉంది. తరవాత పెదవులు. ఏడుపు సన్నబడింది. లోపల ఆ చిన్న దారులు మూసుకుంటున్నాయి. ఏ తప్పూ చెయ్యకుండా, అందరు బిడ్డల్లో మూసుకున్నట్టే మూసుకుంటున్నాయి. నేను దాని రొమ్ము మీద చెవి పెట్టాను. గుండె పరుగెత్తుతోంది. ఎంత పరుగెత్తినా అదే గానుగ చుట్టూ.

అంబులెన్సు రెండింటికి వచ్చింది. పిల్లను గాజుపెట్టెలో పడుకోబెట్టి, కాలికి సూది పెట్టి మందు ఎక్కించారు, ముక్కుకు గొట్టం పెట్టారు. ఇరవై రెండేళ్ళు సీడ్ సంచుల్లోకి గాలి పట్టినదాన్ని నేను. ఆక్సిజన్ నిండిన తరవాత మూతి బిగించేస్తే ఇంక దారి పొడుగునా భయం లేదనుకునేదాన్ని. ఈ పెట్టెలో గాలికి కరువు లేదు. అది పిల్ల ఒంటికి చేరే దారే లేదు.

సుభాషిణికి కుట్లు వేశారు, రక్తం పోతోంది, ప్రయాణం కుదరదన్నారు. మంచంతో సహా గుమ్మం దాకా తోసుకొచ్చారు. పెట్టెకున్న గుండ్రటి కన్నంలోంచి సుభాషిణి తన వేలు లోపలికి పెట్టింది. పిల్ల ఆ వేలు పట్టుకుంది. నర్సు ఒక్కొక్క వేలే విడదీయాల్సి వచ్చింది. ముఖేష్ ముందు సీట్లో కూర్చున్నాడు. తలుపు మూసుకుంది.

మంచం మళ్ళీ లోపలికి తోశాక సుభాషిణి పైకప్పు చూస్తూ మాట్లాడింది.

"అమ్మమ్మా, అమావాస్య నిన్ననే గదా అయిపోయింది?"

"ఊఁ."

"అయితే ఇంకేం భయంలే."

ఓదార్చడానికి అన్నదో, పొడవడానికి అన్నదో, ఆ గొంతులో నాకు తెలియలేదు. ఈరోజుకీ అడగలేదు. కళ్ళు మూసుకుంది. ఛాతీ తడిసి నైటీ మీద మచ్చ పెరుగుతోంది. పాలు పడ్డాయి.

ముఖేష్ దారిలో మూడుసార్లు ఫోన్ చేశాడు. గూడూరు దాటాం, మందు పనిచేస్తోంది, రంగు కొంచెం వచ్చిందన్నాడు. తడ దాటాక రంగు మళ్ళీ పోయిందన్నాడు. ఆరుంబావుకు ఆసుపత్రి చేరామన్నాడు. గుండెలో ఆ చిన్న దారుల్లో ఒకదాన్ని బుడగతో వెడల్పు చేశారట, కానీ అప్పటికే ఒళ్ళు చాలా అలిసిపోయి ఉందట. గురువారమే వచ్చి ఉంటే అని డాక్టరమ్మ మొదలుపెట్టి మధ్యలో ఆపేసిందట. ఆ మాట ముఖేష్ నాకు చెప్పాడు, సుభాషిణికి చెప్పలేదు. నేను చెప్పాను.

ముఖేష్ పాపను అక్కడే పూడ్చి సోమవారం ఒక్కడే ఇంటికి వచ్చాడు. సుభాషిణి కూతురు, ఒక రోజుకు గంట తక్కువగా బతికిన పిల్ల, పేరు పెట్టని పిల్ల, తిరిగి రాలేదు. 2024 ఫిబ్రవరి 11, ఆదివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు పోయింది.